ప్రార్థన పత్రికలో ఫర్హీన్

బక్రీద్‌కు మూడు రోజుల ముందు, సాయంత్రం వేళ, అబ్దుల్ వాహెద్ మెట్లెక్కి పైకి వచ్చాడు.

ఆయన ఎప్పుడూ పైకి రాడు. పురానాపూల్ దగ్గరి గల్లీలో తాతల నాటి ఇల్లు ఆయనది. కింద ఆయన కుటుంబం ఉంటుంది, పైన పాస్టర్ జగదీశ్వర్ కుటుంబం అద్దెకుంటుంది. పనేదైనా ఉంటే వాకిట్లో నిలబడి "పాస్టర్ సాబ్, జర కిందికి రాండ్రి" అని పిలిచేవాడు. ఆడవాళ్ళున్న ఇంట్లోకి చెప్పకుండా వెళ్ళకూడదన్నది ఆయన మర్యాద. ఆ రోజు మాత్రం పిలవలేదు. తలుపు కొట్టి, జగదీశ్వర్ భార్య సుజన తీసేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

లోపలికి వచ్చాక కుర్చీ చూపించినా కూర్చోలేదు. షేర్వానీ జేబులోంచి ఫోన్ తీసి జగదీశ్వర్ చేతిలో పెట్టాడు.

"నాకు తెలుగు మాట్లాడొస్తది గానీ చదువరాదు. ఇది ఏందో మీరే చదివి చెప్పుండ్రి."

చూడగానే జగదీశ్వర్‌కు అర్థమైంది. అది అతన్ని పంపిన మిషన్ వాళ్ళు నెలనెలా వేసే ప్రార్థన పత్రిక. ఎవరో పేజీని ఫోటో తీసి పంపారు. పేజీ మధ్యలో వాహెద్ కూతురు ఫర్హీన్ బొమ్మ ఉంది. పోయినేడు బక్రీద్ నాడు ఇదే ఇంటి వాకిట్లో, గోరింటాకు చేతులు చూపిస్తూ నవ్వుతున్న బొమ్మ. పక్కన తన కూతురు స్వీటీ కూడా ఉండాలి. ఆ సగం కత్తిరించేశారు.

"చదవండి" అన్నాడు వాహెద్.

జగదీశ్వర్ చదవడం మొదలుపెట్టాడు. "పాతబస్తీ నుండి మన సేవకుడు రాస్తున్న సాక్ష్యం. బక్రీదు నాడు ఈ గల్లీల్లో రక్తం పారుతుంది. ఆ రక్తం పాపాలను కడగలేదని ఈ చీకటిలో ఉన్నవారికి ఎవరు చెప్పాలి?"

రాసేటప్పుడు ఆ వాక్యం అతనికి చాలా నచ్చింది. రెండుసార్లు దిద్ది మరీ రాశాడు. ఇప్పుడు అదే నోట్లో మట్టిలా తిరిగింది.

"ఆగిండ్రేంది?"

"మా పొరుగింటి సోదరి ఫర్హీన్ రెండు గర్భాలు పోగొట్టుకొని, అత్తింట్లో ఆదరణ లేక పుట్టింటికి చేరింది. ఆమె మా గదిలో మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించింది." అక్కడ ఆపి ఫోన్ వెనక్కివ్వబోయాడు. "ఇంతే, వాహెద్ భాయ్."

వాహెద్ చెయ్యి చాపలేదు. "ఇంకొక లైన్ ఉండాలె. అల్లుడు రిజ్వాన్ వాళ్ళ అబ్బా ఫోన్ల నాకు చెప్పిండు. గది మీ నోటితోటి ఇందామని వచ్చిన."

జగదీశ్వర్ తల దించుకునే చదివాడు. "ఆమె రహస్యంగా ప్రభువును తన రక్షకునిగా అంగీకరించింది. బహిరంగంగా ఒప్పుకునే ధైర్యం ఆమెకు కలగాలని ప్రార్థించండి."

"నిజమా?" అని అడిగాడు వాహెద్.

జగదీశ్వర్ నోరు తెరిచేలోపే వంటింటి గుమ్మంలోంచి సుజన అంది. "అబద్ధం భాయ్. కడుపు పోయినప్పుడు నా దగ్గరికొచ్చి ఏడ్చింది. 'అక్కా, నువ్వు గూడ దువా చెయ్యి' అన్నది. నేను చేసిన. గంతే. గంతకన్న ఏం లేదు."

వాహెద్ ఆమె వైపు చూడలేదు. "మీరు చెప్పుండ్రి, పాస్టర్ సాబ్."

"సుజన చెప్పిందే నిజం" అన్నాడు జగదీశ్వర్.

వాహెద్ ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. "ఈద్ నాడు వచ్చి బిడ్డను తోలుకపోతమన్నరు వాళ్ళు. నాలుగు నెలల సంది తిరిగి తిరిగి ఒప్పిచ్చిన. ఇప్పుడు రామంటున్నరు." అంతే అని, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగిపోయాడు.

జగదీశ్వర్ ఆ ఇంట్లో దిగి ఏడేళ్ళయింది. సూర్యాపేట దగ్గరి పల్లె అతనిది. బైబిలు బడిలో చదివి, పాతబస్తీలో సేవ చేస్తానని తానే కోరుకుని వచ్చాడు. సుజనకు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. పాస్టరని తెలిస్తే ఇల్లు ఇచ్చేవారు దొరకలేదు. హిందువుల ఇళ్ళలో నెమ్మదిగా కాదన్నారు, ముస్లింల ఇళ్ళలో గట్టిగా కాదన్నారు. పత్తర్‌గట్టిలో పుస్తకాలకు అట్టలు కట్టే వాహెద్ మాత్రం అతని చేతిలోని చినిగిన బైబిలు చూసి, "మీరు గూడ కితాబోళ్ళే గదా, దేవుని గ్రంథం ఉన్నోళ్ళే. ఉండుండ్రి" అన్నాడు. వారంలోపే ఆ బైబిలుకు తోలు అట్ట కట్టి తెచ్చిచ్చాడు.

మొదటి మూడేళ్ళు బక్రీద్ వస్తుందంటే జగదీశ్వర్‌కు మనసు కలతగా ఉండేది. వాకిట్లో కట్టేసిన మేక అరుపులు, తెల్లవారి అల్లాహు అక్బర్ అనే తక్బీర్లు, మధ్యాహ్నానికి గల్లీలో చల్లే బ్లీచింగ్ పౌడర్ వాసన, అన్నీ అతన్ని కిటికీలు మూసుకుని మోకాళ్ళూనేలా చేసేవి. వాహెద్ భార్య ఖుద్సియా పంపిన మాంసం వాళ్ళు తినవచ్చా లేదా అని పౌలు పత్రికలు తిరగేసేవాడు. విగ్రహాలకు పెట్టింది తినకూడదని ఉంది. కానీ ఇక్కడ విగ్రహమెక్కడిది? వాళ్ళు తలచుకునేది అబ్రాహామునే. కొడుకును ఇవ్వడానికి సిద్ధపడిన అదే తండ్రిని. కొడుకు పేరు దగ్గర మాత్రం వాళ్ళ కథా తన కథా వేరవుతాయి. ఆ ప్రశ్న అతనికి తెగలేదు. నాలుగో ఏట సుజన, "పొయ్యి మీద ఉడుకుతుంది. నీకు తెగినప్పుడు తిను" అంది. ఆ ఏడు తిన్నాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు.

ఈ ఏడేళ్ళలో ఆ చుట్టుపక్కల ఒక్కరూ బాప్తిస్మం తీసుకోలేదు. ఆదివారం అతని ప్రార్థనకు వచ్చే పదిహేను మందీ ముందునుంచే క్రైస్తవులు. మిషన్ కార్యదర్శి కైలాసం ప్రతి ఫోనులోనూ అదే అడిగేవాడు. "బ్రదర్, అందరి దగ్గర్నుంచి సాక్ష్యాలు వస్తున్నాయి. మీ దగ్గర్నుంచే రావట్లేదు." పోయిన నెల అలాంటి ఫోనే వచ్చిన రాత్రి కూర్చుని ఆ పేజీ రాశాడు. రాస్తున్నంతసేపూ అదంతా జరగబోతోందనీ, తాను కొంచెం ముందుగా చెబుతున్నాననీ అతని మనసు చెప్పుకుంది. పేరు మార్చాలన్న ఆలోచన కూడా రాలేదు. పేరూ, ఫోటో ఉంటే నమ్మకంగా ఉంటుందనుకున్నాడు.

వాహెద్ వెళ్ళిన తర్వాత సుజన వంటింట్లోకి వెళ్ళింది. స్వీటీకి అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ పిల్ల నాతోటి చెప్పుకున్నది. నేను నా మొగుడివని నీతోటి చెప్పిన. నువ్వు ఊరందరికి చెప్పినవు."

"తప్పయింది."

"నాకు చెప్తవేంది? ఇంగ నేను ఆసుపత్రిల ఏ ఆడదాని చెయ్యి పట్టుకోవాలె? పట్టుకున్న ప్రతిసారి ఇది పత్రికల వస్తదా అని నాకే అనిపిస్తది."

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి స్వీటీ పక్కన పడుకుంది.

పొద్దున్నే జగదీశ్వర్ కైలాసానికి ఫోన్ చేశాడు. రాసింది నిజం కాదనీ, దాన్ని ఎక్కడెక్కడ పెట్టారో అక్కడ్నుంచి తీసేయాలనీ, తప్పు ఒప్పుకుంటూ తాను రాసిచ్చేది వేయాలనీ చెప్పాడు. కైలాసం "బ్రదర్, వాళ్ళు మిమ్మల్ని బెదిరిస్తున్నారా?" అని అడిగాడు.

"ఎవరూ బెదిరించలే. నేనే అబద్ధం రాసిన."

"భయంలో మనిషి ఏదైనా అంటాడు. మీరు ధైర్యంగా ఉండండి. మీ మీద వస్తున్న శ్రమల గురించి, ఈ హింస గురించి ఈసారి వేస్తాం. అందరూ ప్రార్థిస్తారు."

"వెయ్యకండి బ్రదర్!" అని జగదీశ్వర్ అరిచాడు. అంత గట్టిగా అతను ఎవరి మీదా అరవలేదు. అవతల కైలాసం ఫోన్ పెట్టేశాడు.

ఆ రెండు రోజులూ ఇల్లు ఇంతకుముందులా లేదు. పండగకు కొన్న పొట్టేలుకు స్వీటీ రోజూ గడ్డి పెట్టేది. కిందికి వెళ్తే ఖుద్సియా ఏమీ అనలేదు గానీ గడ్డి గంప లోపల పెట్టేసింది. రెండో రోజు గల్లీలోని నలుగురైదుగురు యువకులు గేటు దగ్గరికి వచ్చి వాహెద్‌ను గట్టిగా ఏదో అడిగారు. జగదీశ్వర్ పై నుంచి వింటున్నాడు. "కిరాయిదారు నావోడు. బిడ్డ నాది. లొల్లి మీకెందుకు? పోండ్రి" అన్నాడు వాహెద్. వాళ్ళు వెళ్ళిపోయారు. తనను కాపాడినందుకు కృతజ్ఞత చెప్పాలో, అంత మాట అనాల్సి వచ్చినందుకు క్షమాపణ అడగాలో తెలియక జగదీశ్వర్ తలుపు వెనకే ఉండిపోయాడు.

ఫర్హీన్ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఈద్ నాడు నమాజు నుంచి వాహెద్ తిరిగొచ్చి, వాకిట్లో పొట్టేలును కిబ్లా వైపు, మక్కా దిక్కుకు పడుకోబెట్టి, తన చేత్తోనే కత్తి పట్టాడు. పొట్టేలును కోసే వేళ ఎప్పుడూ లోపలే ఉండిపోయే జగదీశ్వర్ ఈసారి మెట్ల మీద నిలబడి చూశాడు. కత్తి వేసే ముందు వాహెద్ పొట్టేలు నొసట చెయ్యి పెట్టి నిమిరాడు. మెల్లగా బిస్మిల్లా అన్నాడు. 'చీకటిలో ఉన్నవారు' అని తాను రాసింది ఈ మనిషినే అని జగదీశ్వర్ అనుకున్నాడు. ఇన్ని సంవత్సరాల తర్వాత ఆయన్ను మొదటిసారి చూస్తున్నానని కూడా అనుకున్నాడు.

కసాయి వచ్చి మిగతా పని అందుకున్నాక, వాహెద్ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటుంటే జగదీశ్వర్ కిందికి దిగాడు.

"వాహెద్ భాయ్, నన్ను రిజ్వాన్ వాళ్ళింటికి తోలుకపోండ్రి. నేనే చెప్త."

"ఈద్ నాడా?"

"వాళ్ళు వస్తమన్నది ఇయ్యాళ్ళనే గదా."

వాహెద్ తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. లోపల్నుంచి ఖుద్సియా కోపంగా ఏదో అంది. "ఇజ్జత్ పోవుడు ఎట్లనో పోయింది. ఇంగ పోయేది ఏముంది" అని ఆమెకు బదులిచ్చి, చెప్పులు వేసుకున్నాడు.

రిజ్వాన్ వాళ్ళది ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి, మసాలా దినుసుల టోకు వ్యాపారం. ఇల్లు దుకాణం పైనే. ఆటోలో ఇద్దరూ చెరో అంచుకు కూర్చున్నారు. దారి పొడుగునా కొత్త బట్టల పిల్లలు, ఇళ్ళ ముందు కడిగిన నీళ్ళు, మేకతోళ్ళు పోగేసిన ట్రాలీలు. మూసీ దాటేటప్పుడు వాహెద్ హఠాత్తుగా అడిగాడు.

"మేము మీ దీన్‌లకు, మీ మతంలకు రావాలని మీరు దువా చేస్తరా?"

జగదీశ్వర్ అబద్ధమాడదలచుకోలేదు. "చేస్త."

"నాకు ఎర్కే. నేను గూడ మీ కోసం గదే చేస్త, ఏడేండ్ల సంది. దాంట్ల తప్పేం లేదు." నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "కానీ నేను ఎవ్వలికి కాయితం రాయలే."

రిజ్వాన్ తండ్రి వాళ్ళను లోపలికి రమ్మన్నాడు గానీ ఈద్ ముబారక్ అనలేదు. గదిలో నలుగురైదుగురు బంధువులున్నారు. గోడకు ఆనుకుని రిజ్వాన్ నిలబడ్డాడు. ముప్పై లోపు వయసు, కొత్త కుర్తా, నిద్రలేని కళ్ళు.

జగదీశ్వర్ నిలబడే చెప్పాడు. "ఆ కాయితం నేను రాసిన. దాంట్ల ఫర్హీన్ గురించి రాసింది అబద్ధం. ఆమె మీ దీన్ ఇడ్వలే. ఇడుస్తనని ఎన్నడూ అనలే. నా భార్యను దువా చెయ్యమని అడిగింది, అంతే. మా పెద్దల దగ్గర పేరు కోసం నేను ఎక్కువ చేసి రాసిన."

రిజ్వాన్ తండ్రి అతన్ని పై నుంచి కిందిదాకా చూశాడు. "పాస్టరంటరు. పాస్టర్ గూడ అబద్ధం రాస్తడా?"

"రాసిన."

"మీ కితాబ్ మీద ఒట్టేసి చెప్తరా?"

"ఒట్టు వెయ్యొద్దనే మా కితాబ్‌ల ఉన్నది. ఒట్టు లేకుండనే చెప్తున్న. అబద్ధం రాసిన."

రిజ్వాన్ ఫోన్ తీసి ఎత్తిపట్టాడు. "దీంట్ల చెప్పుండ్రి. మా వాళ్ళందరికి పంపాలె."

జగదీశ్వర్ ఆ ఫోన్ అద్దంలోకి చూస్తూ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. చెబుతుంటే ఇది ఎక్కడెక్కడికి పోతుందో కళ్ళకు కట్టింది. ఆదివారం తన ఎదుట కూర్చునే పదిహేను మందీ చూస్తారు. కైలాసం చూస్తాడు. పల్లెలో తండ్రి గుండయ్య చూస్తాడు. కొడుకు ప్రసంగం వినడానికి ఆయన ఊరందర్నీ పిలిచేవాడు. అయినా ఆపలేదు.

అయిపోయాక రిజ్వాన్ తండ్రి అన్నాడు. "ఇంకొక మాట గూడ చెప్పుండ్రి. ఇప్పటి సంది ఏ ముసల్మాన్‌కు మీ మజహబ్ చెప్పనని."

"అది చెప్పలేను."

గదిలో కదలిక మొదలైంది. "చూసిండ్రా!" అని ఎవరో అన్నారు. చెబితే ఫర్హీన్ ఈ సాయంత్రమే అత్తింటికి వెళ్తుందేమో. చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది. పాపపరిహారం కోసం వచ్చినవాడు ఇంకో అబద్ధం చెప్పి ఎలా పోతాడు?

"అడిగినోళ్ళకు చెప్తనే ఉంట" అన్నాడు. "అబద్ధం మాత్రం రాయను. ఎవ్వరి పేరు ఎత్తను."

రిజ్వాన్ తండ్రి ముఖం తిప్పుకున్నాడు. "గట్లయితే మొదట చెప్పింది గూడ నమ్మేదెట్ల?"

అప్పుడు వాహెద్ లేచాడు. "గది అడగనీకి నేను రాలే. నా బిడ్డ సంగతి మాట్లాడనీకి వచ్చిన. అయిపోయింది." జగదీశ్వర్ మోచేయి పట్టుకుని మెట్లు దించాడు. కిందికి వచ్చాక చెయ్యి వదిలేశాడు.

సాయంత్రం రిజ్వాన్ ఒక్కడే వచ్చాడు. తండ్రి వద్దన్నా వచ్చాడని అతని తీరు చూస్తేనే తెలిసింది. వాకిట్లో నిలబడి, బయటికి వచ్చిన ఫర్హీన్‌కు ఫోన్ చూపించాడు. జగదీశ్వర్ గొంతు అతని ఫోన్లోంచి పై దాకా వినిపించింది. సుజన మెట్ల మీద నిలబడింది. జగదీశ్వర్ ఆమె వెనక ఉన్నాడు.

వీడియో అయ్యేదాకా ఫర్హీన్ కదలకుండా చూసింది.

"ఇప్పుడు నమ్మిండ్రా?" అంది.

"నేను ఎప్పుడూ నమ్మిన. అబ్బా కోసం, ఖాందాన్ కోసం..."

"మూడు దినాలయింది. ఒక్క ఫోన్ చేసి, 'ఫర్హీన్, గిది నిజమా' అని అడగనీకి రాలేదా? నా మాట సరిపోదా? పాస్టర్ సాబ్ మాట కావాల్నా?"

రిజ్వాన్ తల వంచుకున్నాడు. లోపల్నుంచి ఖుద్సియా, "బేటీ, వచ్చిండు గదా, పో" అంది ఏడుస్తూ.

"ఇయ్యాళ్ళ రాను" అంది ఫర్హీన్. "ఎప్పుడొస్తనో నేనే చెప్త."

అతను వెళ్ళాక ఆమె తల ఎత్తి మెట్ల వైపు చూసింది. సుజన దిగబోతే చేత్తో ఆగమంది.

"అన్నా" అని పిలిచింది. జగదీశ్వర్ ముందుకొచ్చాడు. "నా ఇద్దరు పిల్లలు పోయిన సంగతి మా మొహల్లాల ఎవ్వలికి తెల్వదు. అమ్మీకి, అబ్బాకు, సుజనక్కకు తెల్సు. ఇప్పుడు నాకు తెల్వనోళ్ళందరికి తెల్సు. మీరు వీడియోల అన్నీ వాపస్ తీసుకున్నరు. గదెట్ల వాపస్ తీసుకుంటరు?"

"తీసుకోలేను, చెల్లె" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం జగదీశ్వర్ ప్రసంగం చేయలేదు. పదిహేను మంది ముందూ నిలబడి జరిగింది చెప్పాడు. నలుగురు మళ్ళీ రాలేదు. మిషన్ నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, అతని సేవ ఇక అవసరం లేదని. గల్లీ చివరి ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే పనిలో చేరాడు. మిగిలిన వాళ్ళకు ఆదివారం ప్రార్థన నడుపుతూనే ఉన్నాడు. ఇల్లు ఖాళీ చేయమంటారని ఎదురుచూశాడు. వాహెద్ అనలేదు. కానీ వాకిట్లో నిలబడి పిలవడం కూడా మానేశాడు. నల్లా నీళ్ళ సంగతో, కరెంటు సంగతో ఉంటే స్వీటీతో చెప్పి పంపేవాడు.

సుజనతో ఫర్హీన్ మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత కూడా పైకి రాలేదు. సుజనే ఆమెను ఆసుపత్రిలో మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో, డాక్టరు ఏమన్నదో సుజన ఇంట్లో చెప్పలేదు. జగదీశ్వర్ అడగలేదు.

చలికాలంలో రిజ్వాన్ తల్లిదండ్రుల ఇంటికి దూరంగా రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. అది ఫర్హీన్ పెట్టిన షరతు. ఆమె వెళ్ళే రోజు మధ్యాహ్నం ఖుద్సియా గేటు దగ్గర నిలబడి "సుజనా, రా అమ్మా" అని పిలిచింది. సుజన దిగి వెళ్ళింది. బడి సెలవు కావడంతో జగదీశ్వర్ ఇంట్లోనే ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు గానీ రెక్క పూర్తిగా తీయలేదు.

ఆటోలో పెట్టె, పరుపు చుట్ట, కుట్టుమిషన్ ఎక్కించారు. ఫర్హీన్ తల్లిని కౌగిలించుకుంది. సుజన చేతులు రెండూ పట్టుకుని ఏదో చెప్పింది. తర్వాత ఒక్కసారి పైకి, కిటికీ వైపు చూసింది. అతను ఉన్నాడని ఆమెకు తెలుసు. సలాం చేయలేదు, ముఖం తిప్పుకోలేదు. చూసి, ఆటో ఎక్కింది.

సుజన పైకి వచ్చాక, "ఏమన్నది?" అని అడగబోయి జగదీశ్వర్ ఆగిపోయాడు.